బరువు 74 కిలోలే, నడుము మాత్రం 98 సెంటీమీటర్లు: దీన్ని ఊబకాయం అనవచ్చా?

మీరు రాసిన వివరాలను ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీకు 41 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. కంపెనీ వారు చేయించిన వార్షిక పరీక్షల్లో ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) రెండో గ్రేడు, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలోని ఒక రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తపోటు 138/88 అని వచ్చాయి. ఇంట్లో గాని, ఆఫీసులో గాని మిమ్మల్ని లావుగా ఉన్నారన్నవారు ఒక్కరూ లేకపోయినా రిపోర్టు చివర ‘ఊబకాయం’ అని రాసి ఉండటం మీకు బాధ కలిగించింది. నల్గొండ జిల్లాలో వ్యవసాయం చేసిన మీ నాన్నగారు మూడు పూటలా అన్నమే తిన్నా సన్నగానే ఉన్నారు, షుగరు మాత్రం యాభై ఎనిమిదో ఏట వచ్చింది. ఇది నిజంగా జబ్బేనా, లేక వైద్యులు అనవసరంగా భయపెడుతున్నారా, తగ్గాలంటే ఎంత తగ్గాలి, బొద్దుగా ఉన్న మీ పదకొండేళ్ల బాబు సంగతి ఏమిటి అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఇరవై మూడేళ్లుగా జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్నాను. నా గదికి వచ్చే షుగరు, బీపీ రోగుల్లో సగానికి పైగా మీలాంటి శరీరం ఉన్నవారే, అంటే చేతులు కాళ్లు సన్నగా, ముఖం మామూలుగా ఉండి, పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు. రిపోర్టులో రాసింది సరైనదే. మీ బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, 26.2. యూరోపియన్లకు 30 దాటితేనే ఊబకాయం అంటారు గాని, మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన దేశపు వైద్య నిపుణులు 2009లోనే హద్దులు మార్చారు. అమెరికాలో స్థిరపడిన మనవారికి కూడా అక్కడి డయాబెటిస్ సంఘం బీఎంఐ 23 నుంచే షుగరు పరీక్ష చేయించమని చెబుతుంది. అయినా మీ విషయంలో నేను బీఎంఐ కంటే ఎక్కువ విలువ ఇచ్చేది ఆ 98 సెంటీమీటర్లకే.

ప్యాంటు సైజు 36 అయితే, అంటే 91 సెంటీమీటర్లు అయితే, టేపుతో 98 ఎలా వచ్చిందని మీరు అడిగారు. పొట్ట పెరిగే కొద్దీ మగవారు తమకు తెలియకుండానే బెల్టును దాని కిందికి దించి కట్టుకుంటారు, అందువల్ల పదేళ్లుగా అదే సైజు ప్యాంటు పడుతూనే ఉంటుంది. నేను కొలిచేటప్పుడు చొక్కా పైకి ఎత్తమని చెప్పి, అన్నిటికన్నా కింది పక్కటెముక అంచును, తుంటి ఎముక పై అంచును వేలితో తడిమి చూసి, ఆ రెంటికీ నడిమధ్యన టేపును నేలకు సమాంతరంగా చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత అంకె చూస్తాను. టేపు చర్మానికి ఆనాలి గాని ఒత్తుకోకూడదు. టేపు చూడగానే పొట్ట లోపలికి పీల్చుకోనివారు చాలా అరుదు, కాబట్టి వారిని ఏదో మాటల్లో పెట్టి రెండోసారి కొలుస్తాను. మనవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. ఇంట్లో మీరే కొలుచుకుని నెలకోసారి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. తూకం మిషను చెప్పని సంగతి ఆ అంకె చెబుతుంది.

నడుము కొలతను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, 13.6 కోట్ల మందికి షుగరుకు ముందు దశ ఉన్నాయి, పెద్దవారిలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. అదే సర్వేలో బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం అయితే, నడుము కొలత ప్రకారం ఉన్నవారు 39.5 శాతం. ఆ రెంటి మధ్య మిగిలిన జనంలో చాలామంది తూకం మీద నిలబడితే బాగానే ఉన్నామనుకునేవారే. మన రాష్ట్రాల సంగతికి వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటిన స్త్రీలు దేశం మొత్తం మీద 24 శాతం కాగా తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. తెలంగాణ పురుషుల్లో ఇది 2015–16లో 24 శాతం ఉండి, నాలుగైదేళ్లలోనే 32కు చేరింది. ఇంత తక్కువ కాలంలో వచ్చిన మార్పును మనుషుల బద్ధకానికి ముడిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ నాలుగైదేళ్లలో మనుషుల స్వభావం మారలేదు, వారు చేసే పని, తినే తిండి, పడుకునే వేళ మారాయి.

ఇక కొవ్వుకు, జబ్బుకు ఉన్న సంబంధం. చర్మం కింద చేరే కొవ్వును ధాన్యం దాచుకునే గాదె అనుకోండి. మిగిలిన శక్తిని భద్రంగా దాచుకోవడం దాని పని, అది చేసే హాని తక్కువ. గాదె నిండిపోయాక కూడా ధాన్యం వస్తూనే ఉంటే వసారాలో, వంటింట్లో, పడకగదిలో పోసుకోవలసి వస్తుంది. శరీరంలో ఆ గదులు కాలేయం, క్లోమం, పేగుల చుట్టూ ఉండే పొర, గుండె చుట్టూ ఉండే సంచి. పేగుల చుట్టూ చేరిన కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు, అందువల్ల రాత్రంతా ఏమీ తినకపోయినా అది రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది. పరగడుపు షుగరు ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. అదే కాలేయం మిగులు కొవ్వును ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి తోసేస్తుంది, దానితో పాటు హెచ్‌డీఎల్ తగ్గుతుంది. కొంతకాలానికి క్లోమంలోనూ కొవ్వు చేరి, ఇన్సులిన్ తయారీ సన్నగిల్లుతుంది. అంటే మీ రిపోర్టులో వేర్వేరు పేజీల్లో ఉన్న 210, 34, 6.1, ఫ్యాటీ లివర్ అనే నాలుగూ ఒకే సంగతిని నాలుగు చోట్ల చెబుతున్నాయి. రక్తపోటు కూడా ఈ కుటుంబంలోదే, ఎందుకంటే మాట వినని కాలేయం కోసం శరీరం మొదట్లో ఇన్సులిన్‌ను మరింత తయారుచేస్తుంది, అది ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా పట్టి ఉంచుతాయి.

గాదె పరిమాణం అందరికీ ఒకటిగా ఉండదు. మనవారిలో అది చిన్నది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3 ఉండగా, కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌లో 9.1, యాజ్ఞిక్‌లో 21.2 అని తేలింది. ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటోతో సహా ఆ సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. యాజ్ఞిక్ బృందమే పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. ఇక్కడి బిడ్డ సగటున 2.7 కిలోలు, అక్కడి బిడ్డ 3.5 కిలోలు. కండ, పొట్టలోని అవయవాలు మన బిడ్డలో చిన్నవిగా ఉన్నా కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడే కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉండే శరీరం తయారై, ఆ బిడ్డ పెద్దయ్యాక తిండికి కొదవ లేని రోజుల్లో బతకవలసి వస్తే ఏమవుతుందో మీ రిపోర్టులో కనిపిస్తోంది.

దీనికి మన దగ్గరే ఒక రుజువు ఉంది, అది తెలుగువారికి ఎక్కువగా తెలియకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. 1987–90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో, జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో, సుమారు సగం గ్రామాల్లోని గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది, మిగతా గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షిస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 1.4 సెంటీమీటర్లు పొడుగ్గా ఉండటమే కాక, వారిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే శరీరం ఇన్సులిన్ మాట వినకపోవడం, దాదాపు 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాలు కూడా కొంత మెత్తగా ఉన్నాయి. గర్భిణి పళ్లెంలోకి చేరిన ఆ అదనపు ఆహారం ఫలితాలు పదిహేనేళ్ల తర్వాత ఆ బిడ్డ రక్తనాళాల్లో కనిపిస్తాయన్న మాట. ఊబకాయం గురించి మాట్లాడేటప్పుడు తల్లుల పోషణ గురించి మాట్లాడకపోతే సగమే మాట్లాడినట్లు.

మీ నాన్నగారి సంగతి ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కాయకష్టం చేసే పురుషుడికి రోజుకు 3,470 కిలో కేలరీలు కావాలి, కూర్చుని పనిచేసేవారికి 2,110 చాలు. తేడా 1,360, బియ్యంలో చెప్పాలంటే దాదాపు 390 గ్రాములు. అరక దున్ని, మోట కొట్టి, ధాన్యం బస్తాలు మోసిన మనిషికి సరిపోయిన అన్నంలో అంత భాగం మీకు మిగులే. మీ తాతగారి తరం నల్గొండలో ఎక్కువగా తిన్నది జొన్న గట్క. నాగార్జునసాగర్ కాలువలు పారడం, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రావడం, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి సన్నబియ్యం రావడం వంటి మార్పుల తర్వాత తెల్లని అన్నం ప్రతి ఇంటికీ చేరింది. ఆ పథకం ఎందరి ఆకలి తీర్చిందో నేను చిన్నప్పుడు చూశాను, దాన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, పొలానికి వెళ్లని శరీరం, రెండూ ఒకే తరంలో కలిశాయి. మీ నాన్నగారికి కూడా షుగరు వచ్చింది కదా అంటే, ఆయన గాదె కూడా చిన్నదే. కష్టం చేసినంతకాలం అది నిండలేదు, పొలం కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉన్నాక నిండింది. మీకు అదే పదిహేడేళ్ల ముందుగా నిండింది.

మిగతా జబ్బుల గురించి క్లుప్తంగా చెబుతాను. మీ శ్రీమతి మీ గురక గురించి చెప్పారని రాశారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్లు మళ్లీ మొదలవుతోందా అని ఆమెను అడగండి, అలా అయితే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) పరీక్ష అవసరం, ఎందుకంటే అది ఉంటే బీపీ మందులకు తేలిగ్గా లొంగదు. మోకాళ్ల విషయంలో, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక కొవ్వుతో సంబంధం ఉన్నవని 13 రకాల క్యాన్సర్లను గుర్తించింది, వాటిలో మెనోపాజ్ తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భాశయపు లోపొర క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్ ఉన్నాయి. ఆడపిల్లల్లో నెలసరి తప్పడం, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య కూడా చాలాసార్లు ఈ ఇన్సులిన్ సమస్యతోనే ముడిపడి ఉంటాయి. గుండె జబ్బు సంగతి వేరే చెప్పనక్కరలేదు, మీ ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ చూస్తేనే తెలుస్తుంది.

మీరు పంపిన రిపోర్టులో కాలేయ ఎంజైములైన ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 58, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు ఉన్నాయి. వయసుతో కలిపి ఫిబ్‌-4 అనే లెక్క వేస్తే 0.85 వచ్చింది. 1.3 కంటే తక్కువ కాబట్టి, కాలేయం గట్టిపడే దశ మొదలై ఉండే అవకాశం తక్కువ. గ్రేడు రెండు అన్నది కొవ్వు పరిమాణం గురించి చెబుతుంది, కాలేయం ఎంత చెడిందో చెప్పదు. ఈ దశలో కాలేయం పూర్తిగా కోలుకోగలదు.

ఎంత తగ్గాలంటే, ఐదు కిలోలు. ఇది మీ బరువులో దాదాపు ఏడు శాతం. ఐదు శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. పొట్ట లోపలి కొవ్వు చివరికి చేరింది గనుక ముందుగా కదిలేదీ అదే, బయటికి మీలో పెద్ద మార్పు కనిపించకపోయినా ట్రైగ్లిజరైడ్లు పడిపోతాయి. 6.1 అంటే ఇంకా సరిహద్దే కదా అని ఊరుకోవద్దని ఎందుకు అంటున్నానంటే, 2006లో ప్రచురించిన చెన్నై అధ్యయనంలో, షుగరుకు ముందు దశలో ఉండి ఏ ప్రత్యేక సలహా అందని మనవారిలో మూడేళ్లలో 55 శాతం మంది షుగరు రోగులయ్యారు. తిండి, నడక విషయంలో క్రమం తప్పకుండా సలహా అందినవారిలో అది 39 శాతం. ఆ రెండో గుంపులో బరువు పెద్దగా తగ్గకపోయినా ఫలితం కనిపించింది.

ఎలా అన్న దానికి నేను మీకు డైట్ చార్టు ఇవ్వను, ఎందుకంటే ఇరవై మూడేళ్లలో చార్టును రెండు నెలలు దాటి పాటించినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఇంట్లో మూడు కొలతలు తీసుకోండి. మొదటిది నూనె. మీ ఇంట్లో నలుగురికి నెలకు ఐదు లీటర్లు వస్తోందన్నారు. అంటే మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు, బయట తినేది కాక. కూర్చుని పనిచేసేవారికి 20 నుంచి 30 గ్రాములు చాలు. ఒకటో తారీఖున మూడున్నర లీటర్లు మాత్రమే కొని, నెలాఖరుదాకా దానితోనే సరిపెట్టమని ఇంట్లో అందరూ కలిసి అనుకోండి, వంట చేసేవారి మీద ఆ భారం ఒక్కటే పడకూడదు. రెండోది బియ్యం. గరిటెతో అన్నం కొలవలేము, కాబట్టి కుక్కరులో పోసే ముందు గ్లాసుతో కొలవండి. ఇప్పుడు పోసే దానిలో మూడో వంతు తగ్గించి, ఆ మేరకు పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూర పెంచండి. పళ్లెంలో ముందు కూర, పప్పు తిని, అన్నం తర్వాత కలుపుకుంటే తిన్న తర్వాత షుగరు అంతగా ఎగబాకదు. అన్నం పూర్తిగా మానేసి రాత్రికి నాలుగు చపాతీలు తినడం వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మూడోది టీ. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అంటే దాదాపు 40 గ్రాముల చక్కెర. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి 25 గ్రాములు దాటవద్దంది.

నడక వారానికి ఐదు రోజులు, అరగంట. దానికి మించి నేను పట్టుబట్టేది కండను పెంచే వ్యాయామం గురించి, ఎందుకంటే తిన్న తర్వాత చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండే, మనవారిలో కొరవడిందీ అదే. వారానికి రెండు రోజులు గుంజిళ్లు, గోడకు ఆనుకుని చేసే దండీలు, నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు ఎత్తడం చాలు, జిమ్ము అక్కరలేదు. మీరు అమెరికా కాల్స్ కోసం రాత్రి పన్నెండు దాటి మెలకువగా ఉంటున్నారు. ఆ రోజుల్లో పదకొండింటికి తినే మిక్చరు, బిర్యానీ మీ నడుముకు చేరుతున్నాయని నా అనుమానం. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి చూడండి. మద్యం పూర్తిగా మానండి, మీ కాలేయానికి ఇప్పుడు అది తగదు.

బరువు తగ్గించే ఇంజక్షన్ల గురించి కూడా అడిగారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మంచి మందులే, మొదటిది 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గించింది. మానేసినవారికి ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి దానికి తోడు జబ్బులున్నవారికి వీటిని అనుమతించారు. మీరు ఆ హద్దులో లేరు. స్నేహితులు చెప్పారని సొంతంగా వాడకండి. థైరాయిడ్ వల్లనేమో అన్నది కూడా పక్కన పెట్టవచ్చు, మీ థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) బాగానే ఉంది. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు, ఏఎల్‌టీ మళ్లీ చేయించండి. బీపీని ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం కొలిచి రాయండి, సగటు 135/85 దాటితే ఆలస్యం చేయకుండా మీ వైద్యుడిని కలవండి.

చివరగా మీ బాబు. వాడి మెడ వెనక నలుపు పోవడం లేదని, మీ శ్రీమతి సున్నిపిండితో, పీచుతో ఎంత రుద్దినా ఫలితం లేదని రాశారు. దయచేసి ఈ రోజే ఆ రుద్దడం ఆపించండి. ఇలాంటి పిల్లల్లో మెడ మడతల్లో, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా కనిపించే చర్మం చాలావరకు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి గుర్తు. దాన్ని మురికి అనుకుని తల్లులు రుద్దడం, పిల్లలు ఏడవడం, బడిలో తోటివారు వెక్కిరించడం నేను ఎన్నోసార్లు చూశాను. వాడిని విడిగా పథ్యంలో పెట్టకండి, ‘బొండాం’ అని ముద్దుకైనా పిలవకండి, రోజూ తూకం మీద నిలబెట్టకండి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండాలి, శీతల పానీయాలు, చిప్స్ ఇంట్లోకి రాకూడదు, సాయంత్రం ట్యూషను కంటే ముందు ఒక గంట ఆటకు పంపాలి. ఈ నెలలోనే పిల్లల వైద్యుడికి చూపించి ఎత్తు, బరువు, రక్తపోటు, పరగడుపు షుగరు, ఏఎల్‌టీ పరీక్షలు చేయించండి. ఇన్సులిన్ తగ్గే కొద్దీ ఆ నలుపు కొన్ని నెలల్లో దానంతట అదే పలచబడుతుంది.